ఒక మైకు, అయిదుగురు కళాకారులు, రామమోహన్ గారు

అమెరికాలోని హెర్న్‌డన్ ఊరి తెలుగువాళ్ళలో పద్మనాభం పేరు తెలియనివాళ్ళు లేరు. ముఖం తెలిసినవాళ్ళు తక్కువ. వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టరు, శని ఆదివారాల్లో హాలు వెనక సౌండు మిక్సర్ మీద వంగిన వీపు. పన్నెండేళ్ళుగా తెలుగు సంఘానికి అతనే మైకు మనిషి. సభ రక్తి కడితే వక్త గొప్పవాడు, మైకు కూస్తే పద్మనాభం పనికిమాలినవాడు. ఈ న్యాయాన్ని అతను ఏనాడూ ప్రశ్నించలేదు. ఎవరు ఎంతసేపు మాట్లాడినా మైకు కట్టెయ్యని చరిత్ర అతనిది. ఒక ఉగాదికి పంచాంగ శ్రవణం కంటే వందన సమర్పణే పొడుగైంది. అప్పుడూ అతని వేలు కదల్లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం కచేరీ ఇప్పుడిప్పుడే పేరు తెచ్చుకుంటున్న ఒక బ్లూగ్రాస్ బృందానిది, అంటే అమెరికా పల్లెబాణీ సంగీతం. బాంజో, మాండలిన్, గిటారు, బాసు, ఫిడేలు; డ్రమ్ముల్లేవు. ఆ ఫిడేలు నైనికది, అక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. అందుకని సంఘం తన సౌండు సామానునూ, దాంతోపాటు పద్మనాభాన్నీ అరువిచ్చింది.

అలవాటుకొద్దీ అతను అయిదు మైకులు పెట్టాడు. నైనిక వచ్చి నాలుగు తీయించింది. అందరూ ఒక్క మైకు చుట్టూ నిలబడతారట. వంతు వచ్చినవాళ్ళు ముందుకొస్తారట, అయిపోగానే వెనక్కి తగ్గుతారట.

"తగ్గమని ఎవరు చెప్తారమ్మా?"

"ఎవరూ చెప్పరు అంకుల్. వాళ్ళకే తెలుస్తుంది."

సంఘసేవలో పండిపోయిన మనిషి కనక పద్మనాభం నమ్మలేదు.

ఆమె గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పింది. మూడో వరసలో బూడిదరంగు కోటు ఆవిడ వేసవి సంగీతోత్సవానికి బృందాల్ని ఎంపిక చేస్తుంది. ఆవిడకి వేరే ఊళ్ళో ఇంకో కచేరీ వినేది ఉంది, మూడింటికల్లా వెళ్ళిపోతుంది. "మా లాస్ట్ సాంగ్ మేమే రాసుకున్నాం అంకుల్. అది వినకపోతే మమ్మల్ని విన్నట్టే కాదు."

కచేరీ మొదలైంది. బాంజో అతను తన వంతు వాయించి, ఎవరూ చీటీ పంపకుండానే పక్కకు తప్పుకున్నాడు. ఆ ఖాళీలోకి నైనిక ఫిడేలుతో వచ్చింది. ఆమె తగ్గింది, మాండలిన్ వచ్చింది. ఒకరి భుజం ఒకరికి తగల్లేదు. మైకును తనంతట తాను వదిలే మనుషుల్ని పద్మనాభం చూడటం అదే మొదలు. ఎందుకో కళ్ళు చెమర్చాయి. చుట్టూ ఓసారి చూసి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

మూడుకు పావుగంట ఉందనగా, చివరి పాటకు ముందు, సంఘాధ్యక్షులు రామమోహన్ గారు అయిదు శాలువాలతో వేదికెక్కారు. నడికచేరీలో ఈ సత్కారమేమిటో బృందానికి అంతుపట్టలేదు. అయినా మర్యాదస్తులు, అలవాటు ప్రకారం వెనక్కి తగ్గారు. రామమోహన్ గారు ముందుకొచ్చారు. ఆయనకు తగ్గే అలవాటు లేదు.

రెండే రెండు ముక్కలని మొదలుపెట్టి, అయిదు నిమిషాలైనా ఆయన ఇంకా సంఘం పుట్టిన ఏడాదిలోనే ఉన్నారు. మూడో వరస ఆవిడ వాచీ చూసుకుని కోటు బొత్తాలు పెట్టుకుంది. నైనిక ఫిడేలును గుండెకు ఆనించుకుని హాలు వెనక్కి చూసింది.

పద్మనాభానికి సంఘం తప్ప వేరే లోకం లేదు. అతనికి ఆదివారమంటే ఆ మిక్సరే. అది పోతే ఇంకేమీ ఉండదు. అయినా బొటనవేలు మైకు మీట మీద పెట్టి, మెల్లగా కిందికి దించాడు.

రామమోహన్ గారి పెదవులు మరో రెండు నిమిషాలు చరిత్ర చెప్పాయి. తర్వాత మైకు తట్టి చూశారు. వెనక్కి చూశారు. పద్మనాభం ఆపరేషన్ చేస్తున్న డాక్టరంత గంభీరంగా మిక్సర్‌ను పరీక్షిస్తున్నాడు. గత్యంతరం లేక ఆయన శాలువాలు కప్పి దిగిపోయారు. శాలువాలతోనే బృందం మైకు చుట్టూ చేరింది, మీట పైకి లేచింది. కోటు ఆవిడ తలుపు దగ్గర నిలబడి పాటంతా విని, ఏదో రాసుకుని వెళ్ళింది.

జనం లేస్తుండగా రామమోహన్ గారు వచ్చారు. "మైకు పోయినట్టుందే పద్మనాభం. వైరు లూజా?"

ఇలాంటి వేళకని మైకు మనుషుల దగ్గర అరడజను సాకులుంటాయి. ఆయనే ఒకటి చేతికందించారు కూడా.

"వైరు బాగానే ఉందండీ. నేనే కట్టేశాను."

ఆయన సౌండు సామానుండే స్టోర్‌రూము తాళంచెవి ఇమ్మని చెయ్యి చాచారు. పద్మనాభం గుత్తిలోంచి తీసి ఇచ్చాడు.

"ఇంతకీ, నువ్వు కట్టేశాక నేను ఎంతసేపు మాట్లాడాను?" అని చిన్నగా అడిగారు రామమోహన్ గారు.

"రెండు నిమిషాలుంటుందండీ."

"ఒక్కరూ వినపడట్లేదని అనలేదే."

ఆయన తాళంచెవిని కాసేపు అటూ ఇటూ తిప్పి, మిక్సర్ పక్కన పెట్టేసి వెళ్ళిపోయారు.