రెండు చేన్లకూ ఒకటే ధోతి

నా చిన్నప్పటి మాట చెప్పేముందు, ఈ ఏడు మా ఇంటికి జరిగిన అన్యాయాన్ని నెలల వరుసన చెప్పవలసి ఉంది. ఆషాఢంలో, జన్యుమార్పిడి పత్తి పరీక్ష అంటూ ఒక విత్తన సంస్థవారు మా తమ్ముడి చేనును రెండు ముక్కలు చేసి, ఒకదానిలో తమ కొత్త విత్తనం, రెండోదానిలో మామూలు విత్తనం వేయించారు. భాద్రపదంలో కొత్త ముక్కలో జిగురు పూసిన పసుపు అట్టలు కట్టి, వాటికి తెల్లదోమ తప్ప పురుగేదీ అంటుకోలేదని మురిసిపోయారు. కార్తీకంలో మామూలు ముక్కలో మాత్రం కాయలు చీల్చి లోపలి గులాబీ పురుగును ఏరారు. ఆపై ఆ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి, తమ విత్తనానికి పురుగే లేదని, కొత్త ముక్కలోనూ పంట పోయిందంటే అది రైతు అశ్రద్ధేనని తేల్చారు. గల్ఫ్‌కు ఇక పోనని వచ్చిన తమ్ముడు మళ్లీ పాస్‌పోర్టు బయటికి తీశాడు.

ఈ నిర్వాకం చూసినప్పుడల్లా అదే చేనులో మా పెద్దమ్మ, అంటే ఈ తమ్ముడి తల్లి, నాకు చూపించిన ఒక పొద్దు గుర్తుకొస్తుంది.

అది కరువు ఏడు. పెద్దనాయన కూలికి బొంబాయి పోయాడు. కంది కాయ నిలిస్తే పెద్దమ్మ ఊళ్లో ఉంటుంది, నిలవకుంటే ఆమె కూడా బస్సెక్కాలి. మా వైపు కందికి పురుగు పడితే చెట్ల కింద గుడ్డ పరిచి, కొమ్మలు వంచి దులుపుతారు. పెద్దమ్మ పెద్దనాయన ధోతిని పరిచి దులిపింది. పచ్చపురుగులు జలజలా రాలాయి. పక్క చేను మా చిన్నతాతది. ఆయన గట్టు మీద నిలబడి వెక్కిరించాడు.

"కోడలా, నీ భూమే పురుగుల భూమి. నా చేన్ల ఒక్కటన్న ఉన్నదా సూడు! గీ చేను నాకు కౌలుకిచ్చి నువ్వు గూడ బొంబాయి పో."

పెద్దమ్మ ఆయన చేను చూసి రమ్మని నన్ను పంపింది. నేను గట్టు చుట్టూ తిరిగి వచ్చాను.

"తాత చేన్ల పురుగే లేదు పెద్దమ్మా!"

"ఏడికెల్లి సూసినవు బిడ్డా?"

"గట్టు మీదికెల్లి."

"మన చేను గూడ గట్లనే సూసిరా పో."

పోయి చూశాను. అన్నేసి పురుగులు రాలిన మా చేనులోనూ గట్టు మీది నుంచి ఒక్కటి కనబడలేదు. అప్పుడామె ధోతిని శుభ్రంగా విదిలించి, తాత చేనులోకి నడిచి, అదే తీరుగా పరిచి దులిపింది. అవే పురుగులు, అంతే జలజల.

"నువ్వే ధోతిల కట్టుకొని తెచ్చినవ్!" అన్నాడు తాత.

"అట్లయితే మీ ధోతి ఇయ్యుర్రి మామా, గదే పరుస్త."

కలుపు తీస్తున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కౌలు మాట మళ్లీ రాలేదు. మర్నాటి నుంచి రెండు చేన్లనూ కలిసే దులిపారు. కాయ నిలిచింది, పెద్దమ్మ బస్సెక్కలేదు.

ఆ పొద్దు నుంచి, ఇది మంచిది అది చెడ్డది అని ఎవరు చెప్పినా, రెండింటినీ ఒకే తీరుగా చూశారా అని ముందుగా అడగడం నాకు అలవాటైంది. పసుపు అట్ట తెల్లదోమను పట్టడానికి మంచిదే, దాని మీద నాకు కోపం లేదు. కానీ కాయలో కూర్చుని గింజ తినే పురుగు, పరీక్షకులకు శ్రమ తగ్గించాలని, లేచి వచ్చి అట్టకు అంటుకోదు. ఇంత మాత్రం తెలియనివారు పరీక్షకు తగరు. తెలిసీ చేసినవారైతే చేనులో అడుగుపెట్టడానికే తగరు.

కావున ఆ సంస్థవారిని కోరేదేమనగా: చేనులో ఇంకా కాయ ఉంది. ఒకే రోజున, మా ఎదుట, రెండు ముక్కలలోనూ కాయలు చీల్చి చూపాలి. చీల్చరాదంటే కారణమేమిటో, మా తమ్ముడు ప్రయాణం కట్టేలోగా, సంతకంతో లిఖితపూర్వకంగా తెలపాలి. గట్టు మీద నిలబడి రాసిన జవాబు మాకు అక్కరలేదు.