తలకిందుల డబ్బా

మా వదిన గురించి చెప్పమంటే నాకు ముందు కోపమే వస్తుంది. ఆవిడ నోట్లోంచి మాట ఊడిపడదు. ఏదైనా అడిగితే గరిటె గిన్నె అంచుకి కొట్టి, "చూద్దాంలే" అంటుంది. ఆ ఒక్క మాటతో ఇరవై రెండేళ్ళుగా మా అన్నయ్యతో కాపురం చేస్తోంది, పదకొండేళ్ళుగా మా కుట్టు కార్ఖానాలో ముప్పై మందికి మధ్యాహ్నం వండి పెడుతోంది. అన్నయ్య అక్కడే కటింగ్ మాస్టర్. నేను వంటగదిలో వదినకి సాయం.

బుధవారం పాస్తా. వారం మధ్యకి వచ్చేసరికి కూరగాయలు అయిపోతాయి. చవగ్గా, గంటలో తెమిలిపోయేది అదొక్కటే. పన్నెండు చేప డబ్బాలు నేను తెరుస్తాను. వదిన ఆ నూనె పారబోయనివ్వదు, ఉల్లిపాయలూ వెల్లుల్లీ అందులోనే వేయిస్తుంది. టమాటాలు మెత్తబడ్డాక పాస్తా ఉడికిన నీళ్ళు నాలుగు గరిటెలు పోసి దగ్గరికి రానిస్తుంది. చేప మాత్రం ఆఖర్న వేసి, దించేస్తుంది. ముందే వేస్తే పొడి పొడి అయిపోయి, ఎవరి ప్లేటులో చేప ఉందో భూతద్దం పెట్టి వెతుక్కోవాలి.

వదినకి ఒక పద్ధతి ఉంది. సరుకు రాగానే ప్రతి డబ్బా మూతా బొటనవేలితో నొక్కి చూస్తుంది. ఉబ్బి ఉంటే లోపల చేప పాడైనట్టే, దాన్ని తలకిందులు చేసి అల్మరాలో ఎడమ చివర పెడుతుంది, కొట్టువాడు వచ్చినప్పుడు తిరిగి ఇచ్చేయడానికి. తలకిందులుగా ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు.

నా పిచ్చి వేరే. కార్ఖానాలో నన్ను సర్దుడమ్మ అంటారు. ఆ బుధవారం కొత్తగా ఆర్డరిచ్చే పెద్దమనుషులు వస్తున్నారని ఓనరు హడావిడి చేస్తుంటే, నేనూ పొద్దున్నే అల్మరా తుడిచాను. డబ్బాలన్నీ చేప బొమ్మ ముందుకొచ్చేలా వరసగా నిలబెట్టాను. అన్నీ, తలకిందులుగా ఉన్నదాంతో సహా. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది, బుర్ర ఎక్కడ మేస్తోందో మరి.

తర్వాత పన్నెండూ తెరిచాను. ఒకటి సుయ్‌మంది. వినపడలేదని చెప్పను, వినపడింది. పని తొందరలో పట్టించుకోలేదు.

అన్నయ్యకి షుగరు. అందుకని గంట కొట్టకముందే అతనికి ప్లేటు వెళ్తుంది. వెళ్ళింది, ఖాళీ అయి తిరిగొచ్చింది కూడా. అప్పుడు వదిన కళ్ళు అల్మరా ఎడమ చివరకి పోయాయి.

"తలకిందుల డబ్బా ఏది?"

మిగిలిన రెండు డబ్బాలూ తీసి మూతలు నొక్కింది. రెండూ గట్టిగా ఉన్నాయి.

"నువ్వు జరిపావా?"

"నాకు తెలీదు వదినా," అన్నాను. అంత అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

వదిన స్టవ్వు ఆపి, హాల్లోకి వెళ్ళింది. ముప్పై మందీ ప్లేట్లు పట్టుకుని వరసలో ఉన్నారు. "ఈ పూట వంట తినడానికి పనికిరాదు," అంది. వచ్చిన పెద్దమనుషుల ముందు ఓనరు మొహం జేవురించింది. ఎవరి పొరపాటు అని అడిగాడు. "నాదే," అంది వదిన. నేను తలుపు చాటునే నిలబడి ఉన్నాను.

ఆస్పత్రిలో డాక్టరు అన్నయ్యని పరీక్ష చేసి, "ఇప్పటికైతే బాగానే ఉన్నారు. కానీ ఇలాంటి విషం వెంటనే బయటపడదు. నాలుగు రోజులు కనిపెట్టుకుని ఉండండి. ఒకటి రెండుగా కనిపించినా, మింగుడు పడకపోయినా క్షణం ఆలస్యం చేయకండి," అన్నాడు.

ఇంటికి రాగానే వదిన సూదీ దారం తెచ్చి అన్నయ్య చేతికిచ్చింది. ఎక్కించమంది. గంటకోసారి అదే పని. అతను ఎక్కించేదాకా ఊపిరి బిగబట్టి చూస్తుంది, తర్వాత దారం లాగేసి మళ్ళీ పక్కన పెట్టుకుంటుంది. ఆ పైన ఒక గుక్క నీళ్ళు తాగిస్తుంది.

"డబ్బాలో చేపకే ఇలా ఉంటే, తిమింగలం తిని వస్తే ఏం చేసేదానివే?" అని అన్నయ్య వేళాకోళం. మాకెవరికీ నవ్వు రాలేదు. అతను దగ్గితే నా గుండె జారిపోయేది. కళ్ళు నులుముకుంటే ప్రాణం పోయినంత పనయ్యేది. చెప్పేద్దామని నాలుగుసార్లు నోరు తెరిచాను, నాలుగుసార్లూ "టీ పెట్టనా వదినా?" అన్నాను. శనివారం ఓనరు కబురు పంపాడు. సోమవారం నుంచి వంటకి వేరే మనిషి, వదిన గుండీలు కుట్టే బల్ల దగ్గర కూర్చోవాలి. వదిన "చూద్దాంలే" అంది.

ఆదివారం సాయంత్రం అన్నయ్య ఒక్క పోటుతో దారం ఎక్కించి, "నాలుగు రోజులూ అయిపోయాయి, ఇంక నన్నొదులు," అని లేచి వీధిలోకి పోయాడు. వదిన దారం లాగేసింది. ఆ సూది నా వైపు చాపింది.

"నువ్వు ఎక్కించు."

నాకు కళ్ళజోడు కూడా లేదు, నా చూపు బంగారం. పదిసార్లు ప్రయత్నించాను. దారం పక్కనించి పోతోంది.

"మీ అన్నయ్యకేమీ కాలేదు," అంది వదిన. "బుధవారం నుంచీ వణుకుతున్నది నీ చెయ్యే."

ఏడ్చేశాను. అంతా చెప్పాను, ఆ సుయ్‌మన్న సంగతితో సహా.

"బొమ్మలు ముందుకు తిప్పి పెట్టేది నువ్వు కాక ఇంకెవరు? ఆవేళే తెలుసు," అంది.

"మరి తెలిసి ఎందుకు మీద వేసుకున్నావు?"

"నువ్వే చెప్తావులే అనుకున్నా. నాలుగు రోజులు పట్టింది."

తిట్టినా బాగుండేది. సోమవారం తెల్లారుతూనే ఓనరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. చెడామడా దులిపేశాడు. వంటగది వదినకే వదిలేసి, గుండీల బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టాడు.

బుధవారం వచ్చింది. గంట కొట్టారు. గిన్నె మూత తీస్తే వెల్లుల్లి వాసన హాలంతా కమ్మింది. ముప్పై మందీ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు గానీ, ఒక్కరూ ముందుకి రారు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పదకొండేళ్ళుగా వీళ్ళకి వండిన మనిషి గరిటె పట్టుకుని అలాగే ఉంది.

చేతిలో గుండీలు బల్ల మీద పోసి లేచాను. వరస తోసుకుంటూ వెళ్ళి ప్లేటు చాపాను. అక్కడే, అందరి ముందూ నిలబడి తిన్నాను. భయం ఉంది, కాదనను. అయినా ప్లేటు ఖాళీ చేసి మళ్ళీ చాపాను.

వదిన ఇంకో గరిటె వేసింది. నా వెనక వరస కదిలింది.