ఇగురం తెలిసిన చెయ్యి

మా అమ్మ నోట రోజుకు పదిసార్లు వినిపించే మాట 'ఇగురం'. పొయ్యిలో కట్టెలు అవసరానికి మించి పెడితే ఇగురం లేదు. పక్కింటి గొడవలో తలదూర్చి రెండు వైపులా చెడ్డయితే ఇగురం లేదు. పెళ్ళికి పోయి, పిలవకముందే ముందు వరసలో కూర్చుంటే అసలే లేదు. నాన్న బొగ్గు గనిలో డంపర్ నడిపేవాడు. గోదావరిఖని నుంచి సత్తుపల్లి ఓపెన్‌కాస్టుకు బదిలీ అయి వచ్చినప్పుడు ఒక ఇనప మంచం, రెండు గుండిగలు, వాటితోపాటు ఈ మాటా మా వెంట వచ్చాయి. ఇటువైపు భాష కొంచెం కోస్తా వైపు ఒరుగుతుంది. ఇక్కడివాళ్ళకు ఆ మాట అర్థమవుతుంది కానీ వాళ్ళ నోట రాదు. ఇప్పుడు మా ఇంట్లో కూడా అమ్మ తప్ప ఎవరూ అనరు.

నా దాకా వస్తే ఆ మాట ఎప్పుడూ 'లేదు'తో కలిసే వచ్చింది. యాభై దాటినదాన్ని, వైరాలో ఏళ్ళ తరబడి పిల్లలకు తెలుగు చెబుతున్నదాన్ని, నాకు ఇగురం లేదట. ఒళ్ళు మండేది. ఒకసారి క్లాసులో పిల్లలు అర్థం అడిగితే 'పొదుపు' అని బోర్డు మీద రాసి చేతులు దులుపుకున్నాను.

క్రిస్మస్ నాడు సత్తుపల్లిలోని మా చర్చిలో ఆరాధన అయ్యాక అందరికీ భోజనం ఉంటుంది. బగారన్నం, మేక మాంసం కూర. అన్నం ఎవరైనా వడ్డించవచ్చు. కూర గంటె మాత్రం మొదటి బంతి నుంచి ఆఖరి బంతి దాకా ఒక్కరి చేతిలోనే ఉండాలి. చేతులు మారితే ఎవరికెంత పడిందో ఎవరికీ తెలియదని పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. పాతికేళ్ళుగా ఆ చెయ్యి అమ్మదే. కూర చాలలేదన్న మాట ఏనాడూ రాలేదు. ఆ విందుకు భద్రాచలం వైపు అడవి ఊరి నుంచి కొన్ని కుటుంబాలు వస్తాయి. మేమంతా తినే అడ్డాకు విస్తర్లు కుట్టి తెచ్చేది వాళ్ళే. పనిచేసినవాళ్ళం ఇంటివాళ్ళమే కదా అంటూ, ఎంత బతిమాలినా ఆఖరి బంతిలోనే కూర్చుంటారు.

మొన్నటి క్రిస్మస్‌కు అమ్మ భుజం పైకి లేవలేదు. క్యాటరింగ్ వాళ్ళకు అప్పగిద్దాం, ఎవరికి కావలసింది వాళ్ళే వేసుకుంటారు అన్నారు సంఘ పెద్దలు. ఈ ఒక్క ఏడు నా బిడ్డ చేతికిచ్చి చూడండి అని అమ్మ పట్టుబట్టింది. గంటె నా చేతిలో పెట్టి, నొప్పి మాత్ర వేసుకుని చర్చి లోపల బెంచీ మీద ఒరిగింది.

నా చేతిలో కూర చాలకపోయిందా, వచ్చే ఏడు నుంచి క్యాటరింగే. అమ్మ మాట నలుగురిలో పోతుంది. అందుకే మనిషికి రెండు ముక్కలు, కాస్త పులుసు అని ముందే గిరి గీసుకున్నాను. మళ్ళీ అడిగినవాళ్ళను చూసి నవ్వి ముందుకు పోయాను. ఆఖరి బంతికీ అదే. అక్కడ ఒక పెద్దాయన తెల్లారకముందే బయలుదేరి వచ్చిన మనిషి. తన విస్తట్లో కూర అయిపోయాక మిగిలిన అన్నం ఉత్తదే తిని, విస్తరి మడిచి లేచాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. ఆయన పాలిట వడ్డించింది నేను. చూశాను, చూసి కూడా ఊరుకున్నాను. గుండిగలో మూడో వంతు కూర మిగిలింది. గెలిచాననే అనుకున్నాను.

పోయి అమ్మను లేపుకొచ్చి గొప్పగా చూపించాను. అమ్మ గుండిగలోకి చూసి, తర్వాత నా ముఖంలోకి చూసింది. ఆఖరి బంతివాళ్ళు మళ్ళీ అడిగారా అంది. ఎవరూ అడగలేదన్నాను.

"వాళ్ళు అడుగరు బిడ్డా. మొకం జూసి నువ్వెయ్యాలె. మిగిలిచ్చుడు ఇగురం గాదు. ఆఖరోని కడుపు నిండాలె, గుండిగ అడుగు కనవడాలె."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. వాళ్ళింకా రోడ్డు మీద ఆటో కోసం చూస్తున్నారని తెలిసి, పాస్టరమ్మ ఒక పక్క, నేనొక పక్క గుండిగ పట్టుకుని పరుగులాంటి నడకతో పోయాం. వెనకాల అన్నం గంప వచ్చింది. మళ్ళీ కూర్చోమంటే వాళ్ళు మొహమాటపడ్డారు, కడుపు నిండిందన్నారు. ఇప్పుడే ఇంకో గుండిగ దిగిందని అబద్ధం చెబితే నా పరువు దక్కేది. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"తప్పు నాదే. కూర ఉండి గూడ నేను సరిగ వెయ్యలే. జర కూసోండ్రి" అన్నాను.

పెద్దాయన సంచిలోంచి మిగిలిన విస్తర్లు తీసి కల్వర్టు పక్కన పరిచాడు. అందరూ కూర్చున్నారు. ఈసారి నేను గుండిగ వంక చూడలేదు, తినేవాళ్ళ ముఖాలే చూశాను. ఎవరికి నిజంగా చాలిందో, ఎవరు మొహమాటానికి చాలంటున్నారో ఇట్టే తెలిసిపోతుంది. ఇంత తేలికైన సంగతి ఇన్నేళ్ళూ నా బుర్రకెక్కలేదు.

ఖాళీ గుండిగతో తిరిగి వచ్చేసరికి పెద్దలు అమ్మ దగ్గర నిలబడి ఉన్నారు. జరిగిందంతా చూశారు కాబట్టి, వచ్చే ఏడు క్యాటరింగ్‌కు చెప్పేద్దామా అని మెల్లగా అడుగుతున్నారు. అమ్మ గుండిగ వంచమని నాకు సైగ చేసి, లోపలికి తొంగి చూసి, వాళ్ళ వైపు తిరిగింది.

"వచ్చే యేడు గూడ గంటె నా బిడ్డకే ఇయ్యండ్రి. ఇగురం ఇప్పుడిప్పుడే వస్తున్నది."

సరేనమ్మా అన్నారు పెద్దలు. నేను గుండిగను నల్లా కిందికి తీసుకుపోయి, తోమినచోటే మళ్ళీ మళ్ళీ తోముతూ, ఇంత పెద్దదాన్ని, సంతోషం పట్టలేక ఏడ్చాను.