బ్రాడీపేటలో మూడు నిమిషాలు, మిరప కల్లంలో రెండు గంటలు

నేను ఇష్టపడి వెళ్లిన ప్రయాణం కాదిది. పంపిస్తే వెళ్లాను. ప్రత్తిపాడు దగ్గర ఒక ఊళ్లో చంటిపిల్లల బడిలో టీచర్ని. మా చుట్టుపక్కల ఈ పనిలో ఉన్న మగవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు డిగ్రీ కన్నా ఎక్కువ నేర్పినవి సభల బయట బల్ల మీద పెట్టి అమ్మే పది రూపాయల పుస్తకాలు. ఏడుస్తున్న బిడ్డను తల్లి దగ్గరకు తీసుకోకపోతే ఆ దెబ్బ మనసులో ఉండిపోతుందని వాటిలోనే చదివాను. ఒకరోజు పొద్దున మూడున్నరేళ్ల లాస్య గేటు దగ్గర వెక్కివెక్కి ఏడుస్తుంటే, వాళ్లమ్మ కోటేశ్వరి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడి చూస్తోంది. నాకు తిక్క రేగింది. "కన్నతల్లివేనా నువ్వు? కళ్లు తుడవడానికి చేతులు రావా?" అని పదిమంది ముందు అరిచాను. మర్నాటి నుంచి పాప బడికి రాలేదు. వారం చూసి మా హెడ్ మేడమ్, "మీకు తల్లులతో మాట్లాడ్డం రాదండీ. గుంటూరులో ఆదివారం శిక్షణ ఉంది, వెళ్లి నేర్చుకురండి" అన్నారు.

ఏడుంబావుకి పల్లెవెలుగు ఎక్కాను. గుంటూరుకి ముప్పావు గంట. బస్సు నిండా మా ఊరి ఆడవాళ్లే, వాళ్లకి ప్రయాణం ఉచితం. "ఈ ట్రిప్పుకి డబ్బులిచ్చే మారాజువి నువ్వేనయ్యా" అంటూ కండక్టర్ ముప్పై అయిదు రూపాయలు తీసుకున్నాడు. అందరూ నవ్వారు. నా పక్క సీటు మాత్రం గుంటూరు దాకా ఖాళీగానే వచ్చింది. రోడ్డుకి రెండు వైపులా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. కిటికీ తీస్తే దగ్గు, మూస్తే ఉక్క.

బస్టాండు నుంచి బ్రాడీపేటకి షేర్ ఆటో ఇరవై. ఒక క్లినిక్ పైన మేడ మీద హాలు. తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి ఒంటిగంటకి వదిలేస్తారు. రెండొందల ఫీజులోనే భోజనం. సుమారు నలభై మంది టీచరమ్మలు, నేను. శిక్షణ ఇచ్చేది నెరిసిన జుట్టు పెద్దావిడ. తల్లిదండ్రులను చిరునవ్వుతో పలకరించడం గురించి గంట చెప్పేసరికి నేను ఆగలేక లేచాను. "మేడమ్, ఈ చిరునవ్వులు ఏసీ బడులకి పనికొస్తాయండీ. మా దగ్గరికొచ్చేది కూలీల పిల్లలు. వాళ్లకి కావలసింది హక్కులు!" అన్నాను. హాలంతా వెనక్కి తిరిగి చూసింది. ఆవిడ కోప్పడలేదు. "కూర్చో బాబూ, నీతో పనుంది" అంది.

తర్వాత జతలుగా కూర్చోమన్నారు. ఒకరు మూడు నిమిషాలు మాట్లాడాలి, రెండోవాళ్లు నోరెత్తకుండా వినాలి. అందరికీ జత దొరికింది, నేను మిగిలాను. ఆ పెద్దావిడే కుర్చీ లాక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. లాస్య సంగతంతా ఆవేశంగా చెప్పాను. ఫోన్లో మూడు నిమిషాల గంట మోగాక ఆవిడ అడిగింది ఒక్కటే: "బాగుంది. ఆ తల్లి ఏమంది?"

"ఏమీ అన్లేదండి."

"నువ్వు అడిగావా?"

అడగలేదు. భోజనానికి వెళ్లి కిటికీ పక్కన కూర్చున్నాను. వడ్డించే ఆయన, "ఒక్కళ్లే కూర్చున్నారేంటండీ, గోంగూర ఇంకాస్త వెయ్యనా?" అన్నాడు. ఆ రోజు అంతవరకూ నాకేం కావాలని అడిగిన మనిషి ఆయనొక్కడే.

కోటేశ్వరి ఎక్కడ పనిచేస్తోందో మా బడి ఆయాకి ఫోన్ చేసి కనుక్కున్నాను. రెండింటి బస్సెక్కి మా ఊరికి రెండు స్టాపుల ముందే దిగి, ఎండలో కిలోమీటరు నడిచాను. కల్లంలో పదిమంది ఆడవాళ్లు కూర్చుని తాలు ఏరుతున్నారు, అంటే తెల్లబారిన కాయల్ని మంచివాటి నుంచి వేరు చేస్తున్నారు. టార్పాలిన్ పట్టా నీడలో ఒక ముసలమ్మ పక్కన లాస్య ఉంది. కోటేశ్వరి ఆ పదిమందిలో ఉంది.

నేను నోరు తెరిచేలోపే గాలి లేచింది. మిరప దుమ్ము కళ్లలో పడి పాప ఏడుస్తూ తల్లి మీదికి పరిగెత్తింది. కోటేశ్వరి చటుక్కున లేచి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. అచ్చం ఆ రోజు గేటు దగ్గరలాగే. "అత్తా, పాపని పట్టుకో!" అని కేకేసింది. ముసలమ్మ తడిగుడ్డతో పాప కళ్లు తుడిచింది. పిల్లలున్న కూలీల ముఠాలో, వాళ్లని ఎత్తుకోడానికి ఒక మనిషి కాయ ముట్టకుండా ఉండాలట. ఇక్కడ ఆ మనిషి ఈ ముసలమ్మ.

"చేతులు మండుతున్నాయా అండీ?" అని అడిగాను, ఎనిమిది రోజులు ఆలస్యంగా.

"ఆ రోజే అడిగుంటే చెప్పేదాన్ని కదా సారూ. కోతలు మొదలైన కాడ్నించీ తెల్లారినా మంట పోదు. దానికి ముద్ద కలిపి పెట్టి నెల దాటింది, చెంచాతో పెడుతున్నా. రోడ్డు మీద నా చెయ్యి పట్టుకోదు, సంచి పట్టుకుని నడుస్తది."

"తప్పైందండి" అన్నాను.

"అనేసి అట్టా నిలబడితే సరా అబ్బాయ్?" అంది ముసలమ్మ. "కూర్చుని తాలు ఏరు. పుస్తకాలోళ్లకి నడుం వంగుద్దో లేదో చూద్దాం!"

రెండు గంటలు ఏరాను. వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు, నాతో ఎవరూ మాట్లాడలేదు. లేచేటప్పుడు పాపని పంపుతారా అని అడిగితే కోటేశ్వరి, "చూద్దాంలే" అంది. గదికెళ్లి పంపు కింద చేతులు కడుక్కున్నాను. పొద్దునకి కూడా మంట తగ్గలేదు.

సోమవారం తొమ్మిదింటికి లాస్య తల్లి సంచి పట్టుకుని వచ్చింది. గేటు దగ్గర ఎప్పటిలాగే ఏడుపు. ఏడుస్తూ ఏడుస్తూ నా దగ్గరికే వచ్చి, తుడవమన్నట్టు మొహం ఎత్తింది. నా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్లాయి. గేటవతల కోటేశ్వరి కూడా అలాగే నిలబడి ఉంది. ఒకరినొకరం చూసుకున్నాం.

"నూనె రాసుకోలేదా సారూ?" అంది. ఆయా వచ్చి పాప కళ్లు తుడిచింది.

నా ఒంటరితనానికి కారణం ఈ పనిలో నేనొక్కణ్ణే మగవాణ్ణి కావడం అనుకునేవాణ్ణి. కాదేమో. ఏదీ అడగకుండా తీర్పు చెప్పే మనిషి పక్కన బస్సులోనైనా, హాల్లోనైనా ఎవరు కూర్చుంటారు? పది రూపాయల పుస్తకాల మీద నాకు కోపం లేదు, ఇప్పటికీ చదువుతున్నాను. కాకపోతే ఆ పుస్తకం రాసినాయన మా తాలు కుప్ప దగ్గర ఒక పూట కూర్చుని ఉండడు.

మీరూ శిక్షణకి వెళ్తే ఆ మూడు నిమిషాల పాఠం వదలకండి. అటునుంచి కల్లానికి వెళ్లేట్టయితే మాత్రం చేతులు ముందు నీళ్లతో కడగొద్దు. కొబ్బరినూనె బాగా పట్టించి, పావుగంట ఆగి, సబ్బుతో రెండుసార్లు కడుక్కోండి; రోజూ ఏరేవాళ్లకి కాదు గానీ, ఒక్క పూట మంటకి అది చాలు. మర్నాడు బడిలో ఎవరో ఒకరు మీ దగ్గరికొచ్చి మొహం ఎత్తుతారు.