చౌకీ గుట్ట నీడ

మా చిన్నప్పుడు... కర్నూల్లో మా మగ్గాల వీధికి గడియారం మా జేజి పాదాలే.

జేజి అంటే మా నాయన తల్లి. కళ్లకు పొరలు కమ్మేశాయి, మనుషుల్ని గొంతును బట్టే పోల్చుకునేది. తెల్లారగానే వీధి చివర అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. ఎండ పాదాలకు తగిలిందో లేదో... "ఎత్తండప్పా, ఎండొచ్చె!" అని ఒక్క కేక! ఆ కేక వినబడితే చాలు, వీధి వీధంతా పడుగులు ఎత్తేసేది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. మగ్గం ఎక్కించే ముందు ఆ నిలువు నూలును, అదే పడుగును, వీధి పొడవునా సాచి గంజి పట్టించేవాళ్లు. ఇద్దరిద్దరు చెరో పక్క నిలబడి కుంచెలతో దువ్వేవాళ్లు. తెగిన పోగు కనబడాలంటే వెలుతురు ఉండాలి. గంజి నిదానంగా ఆరాలంటే ఎండ తగలకూడదు.

వెలుతురు కావాలి, ఎండ వద్దు... ఇదేం గొంతెమ్మ కోరిక అనుకుంటున్నారా? మాకు రోజూ తీరేది. మా వీధికి తూర్పున చౌకీ గుట్ట ఉండేది మరి!

నవాబుల కాలంలో దాని మీద కాపలావాళ్లు ఉండేవారట. మేం పుట్టేసరికి ఒక మొండి బురుజు, చుట్టూ రేగుకంపలు మిగిలాయి. పరికిణీలు చింపుకుని ఎక్కి, పైనుంచి తుంగభద్రను చూసేవాళ్లం. దిగాక అమ్మ చేత తిట్లు తినేవాళ్లం. కానీ పొద్దున్నే ఆ గుట్ట నీడ మా వీధి మీద పడుతుందని, ఆ నీడలోనే మేం బతుకుతున్నామని ఎవరూ అనుకోలేదు. నీడ గాలిలాగా ఊరికే ఉండేది అంతే.

ఇంతలో కర్నూలు రాజధాని అయింది. అబ్బో, ఆ సంబరం చెప్పనలవి కాదు! ఆఫీసులకు చోటు చాలక డేరాలు వేశారు. గుట్టను కొట్టేసి, నేల చదును చేసి, వెడల్పాటి రోడ్డూ పెద్ద కచేరీలూ కడతారని కబురొచ్చింది.

అందరికంటే ఎక్కువ మురిసిపోయింది మా నాయనే. "ఆఫీసర్ల ఇండ్లల్లో ఆడోళ్లు శానామంది వస్తాండారు. చీరలు యాడ కొంటారు? మన తావనే గదా!" అని కనబడిన వాళ్లందరికీ చెప్పేవాడు. గుట్ట మీద రాళ్లు పేల్చే కూలీలకు మా ఇంటి నుంచే మజ్జిగ కుండ వెళ్లేది.

జేజికి మాత్రం మనసొప్పలేదు. "నవాబులే ముట్టుకోలేదు గదప్పా దాన్ని" అంది.

"రాయిని పెట్టుకుని ఏం చేస్తావమ్మా, కూర వండుతావా?" అని నాయన నవ్వేశాడు.

మందు పేలినప్పుడల్లా ఉట్టి మీద కుండలు గలగలలాడేవి... అన్నంలో దుమ్ము పడేది. బురుజు కూలిన రోజు వీధంతా బయటికొచ్చి చూసింది, తిరనాళ్లకు వచ్చినట్టు.

ఆ తర్వాతే జేజి కేక మారింది. కొంచెం ముందుగా పిలవసాగింది... ఇంకొన్నాళ్లకు ఇంకొంచెం ముందు. "జేజికి తొందరెక్కువైండాది" అని వీధివాళ్లు ఎగతాళి చేశారు. "ఎండాకాలం ముందే వచ్చిందిలే" అని నాయన సర్దిచెప్పాడు. పడుగుల మీద వంచిన తలలు ఎత్తి తూర్పు దిక్కు చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఎంత మొద్దు నిద్రో చూడండి మాది!

ఆ రోజు నాయన తన సొంత నూలు సాచాడు. డేరాల్లో ఉండే ఒక ఆఫీసరమ్మ చీర చూసి మెచ్చుకుంటే ఇంకో మగ్గం వేద్దామని ఆశ. గంజి అప్పుడే పట్టించారు. కుంచె ఇంకా సగం వీధి కూడా దాటలేదు.

"ఎత్తండప్పా, ఎండొచ్చె!"

"మ్మా! ఇప్పుడే గదా సాచినాం! నీకేమన్నా మతి పోయిందా?" అని నాయన గట్టిగా కసిరాడు.

జేజి పాదాలు రెండూ వెనక్కి తీసుకుంది.

అంతలో ఎండ మా అందరి మీదా పడింది. అడ్డం ఏముంది? గంజి ఒకచోట ఎండి, ఒకచోట తడిగా మిగిలి, పోగూ పోగూ అంటుకుపోయాయి. కుంచె ఆడిస్తే పుటుక్కున తెగడమే. నాయన అతకబోయాడు... అతికిన పక్కనే మరొకటి తెగింది. అప్పుడు తల ఎత్తి తూర్పుకు చూశాడు. ఆయన ముఖం అంత తెల్లబోవడం నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత వీధంతా చీకట్లోనే లేచి ప్రయత్నించింది. తెగిన పోగు కనబడదు, కనబడేసరికి ఎండ. పైన గోనెపట్టాలు కట్టి చూశారు, గాలికి చిరిగిపోయాయి. ఒక్కో ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోతూ వచ్చింది.

పోనీ, ఆ కచేరీలన్నా లేచాయా? చదును చేసిన నేలలో మేకులు పాతి, ఎర్రగుడ్డలు కట్టారు. అంతే, రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. డేరాలు ఎత్తేశారు, ఆఫీసరమ్మలూ వెళ్లిపోయారు. గుట్ట మాత్రం తిరిగి రాలేదు. ఎలా వస్తుంది?

నాయన మగ్గం గుంట పూడ్చేసి, ఆ గుట్ట రాళ్లనే కంకర కొట్టే పనికి వెళ్లాడు. సన్నపు పోగు అతికే ఆ వేళ్లు సుత్తి పట్టి పగిలిపోయాయి. రాత్రి అమ్మ ఆముదం రాస్తుంటే గోడవైపు తిరిగి పడుకునేవాడు.

జేజి మాత్రం రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేది. పొద్దు పొడవడంతోనే ఎండ ఒళ్లంతా పడేది. పిలిచేది కాదు.

"ఎందుకు పిలవవు జేజీ?" అని అడిగాను.

"ఎత్తేదానికి ఏముండాది పాపా" అంది.

ఇప్పుడు మా వీధిలో ఆటోలూ సెల్‌ఫోన్ షాపులూ... చెట్టు కూడా లేదు. పొద్దున ఏడుకే కళ్లు మిరుమిట్లు గొలిపే ఎండ. మీ ఊళ్లో పొద్దున్నే నీడనిచ్చే గుట్ట ఏదన్నా ఇంకా నిలబడి ఉంటే, దాని పేరు కింద రాయండి. చదువుకుంటాను. మా గుట్ట పేరు తెలిసినవాళ్లు ఈ వీధిలో నేనొక్కదాన్నే మిగిలాను...