ఉప్పు ఆవిరి

మా అత్తవారింట్లో వండేవాళ్లు రుచి చూడకూడదు. దేవుడికి చూపించి, మగవాళ్లకు వడ్డించేదాకా ఒక్క చుక్క నాలుక మీద పడినా గిన్నెడూ ఎంగిలే. చీపురుపల్లిలో కిరాణా కొట్టున్న ఇల్లు. పులుసు ఆవిరి పట్టి ఉప్పు చాలిందో లేదో చెప్పడం కొత్తలో మా అత్తే నాకు నేర్పింది.

కరోనా జ్వరం తగ్గాక నాకు వాసన పోయింది. ఇంగువ లేదు, మాడిన పోపు లేదు. ఒక మధ్యాహ్నం మా ఆయన పప్పన్నం ముద్ద పక్కన పెట్టేశారు.

"ఏటే ఇది? సముద్రాన్ని వండీసినావేటి?"

"నాకు వాసన తెల్డం నేదండీ."

"ముక్కు ఉన్నాది కదా! లైబ్రరీలో మర్సిపోయి వచ్చీసినావేటి?"

నిజమే, సాయంత్రాలు లైబ్రరీకి వెళ్తాను. చదువు పదో తరగతితో ఆగినా, అక్కడి బీరువాల్లో నేను తెరవనిది తక్కువ. శరీరశాస్త్రం పుస్తకం తీశాను. మనం రుచి అనుకునేది చాలావరకు వాసనేనట. ఉప్పు మాత్రం నాలుక పనే, దానికి అసలు వాసనే ఉండదట. మరి ఇన్నేళ్లూ నేను పట్టిందేమిటి? ఉప్పు పడగానే పులుసు ఆవిరి మారేది. అది నాకు తెలుసు. స్త్రీవాదం మీద ఉన్న పుస్తకంలో దీనికి సమాధానం లాంటిది దొరికింది: ఆడవాళ్లు ఒంటితో తెలుసుకున్నదాన్ని లోకం జ్ఞానమని ఒప్పుకోదని. నా మాట ఇంకెవరో రాసిపెట్టినట్టు అనిపించింది.

నాలుక పనిచేస్తోంది కాబట్టి వంట నా చేతిలోనే ఉంటుందనుకున్నాను.

"అత్తా, అరిసేతిలో ఒక్క సుక్క ఏసుకుని సూస్తాను. నాలిక్కి ఉప్పు తెలుస్తన్నాది."

"మా అత్త సూళ్లేదు, నేను సూళ్లేదు."

"మీకు ముక్కులున్నాయి. నాకు నేదు."

"నేకపోతే వంట మానీ."

మర్నాడు ఆమె ఎదుటే పులుసు చుక్క నాకాను. ఉప్పు సరిపోయింది. ఆమె గిన్నె ఎత్తి పెరట్లో పారబోసింది. నొప్పుల మోకాళ్లతో స్టూలు లాక్కుని కూర్చుని మళ్లీ వండింది. ఆవిరి మీదకు రెండుసార్లు వంగింది.

మా ఆయన ఒక ముద్ద తిని, ఉప్పు డబ్బా అందుకుని చల్లుకున్నారు. ఏటిది అని అడగలేదు. అత్త తల దించుకుని తన విస్తరి వేసుకుంది.

ఇప్పుడు నేను కూరలు తరుగుతాను, గిన్నెలు తోముతాను. పొయ్యి దగ్గర ఆమె కూర్చుంటుంది.