చీర వార్తలు, కోటు వార్తలు

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో, కాశీబుగ్గలోని ఒక కేబుల్ ఛానల్‌లో న్యూస్ రీడర్‌గా చేరాను. స్టూడియో అంటే మూడో అంతస్తులో ఒక గది, ఒక కెమెరా, ఒక బల్ల. ఇంటికి చుట్టాలొస్తే వంటగదిలోకి వెళ్ళిపోయే దాన్ని నేను. కెమెరా మాత్రం ఎదురు ప్రశ్న వేయదు కనుక దాని ముందు మాట్లాడగలిగేదాన్ని. పుస్తకాలు చదివే అలవాటు వల్ల తప్పులు పోకుండా చదువుతానని ఉద్యోగం ఇచ్చారు. నాలుగేళ్ళు చేశాను. ఇప్పుడు ఆ ఛానల్ లేదు. నేను టెక్కలిలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. ఇక్కడ రాస్తున్నది అప్పటి డైరీ దగ్గర పెట్టుకునే.

బులెటిన్‌లో వార్తలు ఏ వరుసలో వస్తాయో చూపే కాగితాన్ని రన్‌డౌన్ అంటారు. మా ఇన్‌చార్జి జోగారావు గారు ప్రతి వార్త పక్కన ఎర్ర పెన్నుతో ‘కో’ అనో ‘చీ’ అనో రాసేవారు. కో అంటే కోటు, చీ అంటే చీర. కోటు వార్తలు నాతోపాటు చదివే రమణమూర్తి గారు చదవాలి, చీర వార్తలు నేను చదవాలి. మున్సిపాలిటీ, పోలీసులు, ఎమ్మెల్యే పర్యటన, ఉద్దానం కిడ్నీ రోగుల ధర్నా అన్నీ కోటు. ఉత్సవాలు, వంటల పోటీలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, చివరగా వాతావరణం చీర. కోటు ఛానల్‌దే, మేకుకు వేలాడుతూ ఉండేది. చీరలు నావే. రమణమూర్తి గారు పైన కోటు, టై వేసుకుని కింద లుంగీతోనే కూర్చునేవారు. ఏసీ ఎప్పుడూ పనిచేయలేదు.

“ఈరోజు నీకెన్ని చీలమ్మా?” అని కెమెరామన్ రోజూ అడిగేవాడు. నేను నవ్వేసేదాన్ని. వాతావరణం నవ్వుతూ చదవాలన్నది జోగారావు గారి నియమం. బులెటిన్ అయ్యాక జనం బరువైన మనసుతో లేవకూడదని ఆయన ఉద్దేశం.

నేను చేరిన ఏడాది అక్టోబరులో ఒక మధ్యాహ్నం సముద్రంలో వాయుగుండం ఏర్పడిందని, మర్నాడు తెల్లవారుజాము నుంచి ఈదురుగాలులు వీస్తాయని, ఎవరూ వేటకు వెళ్ళకూడదని ప్రకటన వచ్చింది. వాతావరణం కాబట్టి జోగారావు గారు అలవాటుగా ‘చీ’ వేశారు. నాలుగు గంటల బులెటిన్‌లో, ఒక నగల దుకాణం ప్రకటన తర్వాత, చివరి అంశంగా చదివాను. ఒక్క అక్షరం తప్పుపోలేదు. అలవాటు కొద్దీ నవ్వుతూనే చదివానని తర్వాత గాని తెలియలేదు.

అరగంటకల్లా భావనపాడు నుంచి దానమ్మత్త ఫోన్ చేసింది. మా నాన్న చెల్లెలు. హార్బరు దగ్గర చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. ఆమె భర్త అప్పారావు మావకు ఒక బోటులో వాటా ఉంది.

“ఏటే బుల్లీ, నువ్వు సెప్పింది మీ మావ ఇన్నాడు. ఇని కూడా వల సర్దుకుంతన్నాడు.”

గాలి వస్తుందని స్పష్టంగానే చెప్పాను కదా అన్నాను.

“సెప్పినావు. నవ్వుతా సెప్పినావు. నిజంగా పెమాదమైతే కోటాయన ముందే సదివీవోడు, ఆకర్న సీరమ్మ సేత సదివిత్తారేటి, అంతన్నాడు. ఈదిలో అందరిదీ అదే మాట. మీ మావకి ఎలా సెప్పాలే?”

అప్పటికి సముద్రం నిలకడగా ఉందట. అంతకుముందు రెండుసార్లు ఇలాగే చెప్పి గాలి రాకపోవడం కూడా వాళ్ళకు గుర్తుంది. పంచాయతీ వాళ్ళు మైకులో చెప్పి వెళ్ళినా ఎవరూ పట్టించుకోలేదు. బోట్లు తెల్లారకముందే బయలుదేరతాయి. మా చేతిలో మిగిలింది ఏడు గంటల బులెటిన్ ఒక్కటే.

జోగారావు గారి బల్ల దగ్గరికి నా అంతట నేను వెళ్ళడం అదే మొదటిసారి. అత్త అన్న మాటలు చెప్పి, హెచ్చరిక మొదటి వార్తగా రావాలని, దాన్ని నవ్వకుండా నేను చదువుతానని చెప్పాను. ఆయన కోప్పడలేదు. రన్‌డౌన్ నా వైపు తిప్పారు.

“మొదటికి తెద్దాం. కానీ సూడమ్మా, ఆళ్ళు నమ్మీది కోటునే అని నువ్వే సెప్తన్నావు. ఇప్పుడు ఊరు ఆగాలా, నువ్వు సదవాలా?”

ఆయన ఎర్ర పెన్ను అందుకున్నాను. ‘చీ’ని నేనే కొట్టేసి ‘కో’ అని రాశాను. ‘మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు’ అన్న వాక్యం తీసేసి, ‘భావనపాడు బోట్లు రేపు కదలకూడదు’ అని రాసి కాగితం రమణమూర్తి గారికి ఇచ్చాను. ఆయన ముఖం గంభీరంగా పెట్టి రెండుసార్లు చదివారు. నేను కెమెరా వెనక నిలబడి విన్నాను.

ఎనిమిది కాకముందే అత్త మళ్ళీ చేసింది. “ఆగిపోనాడే. అందరూ ఆగిపోనారు. కోటాయన పున్నెమే.”

తెల్లారేసరికి గాలి వచ్చింది. ఒడ్డున కట్టిన రెండు బోట్లు ఒకదానికొకటి కొట్టుకుని పగిలాయి. సముద్రం మీద మాత్రం మనిషి లేడు. ఆ రోజు డైరీలో ఈ మాటే రాశాను. దాని కింద ‘రాసింది నేను, చదివింది ఆయన’ అని రాసి, కొట్టేశాను. అది ఆ రోజు పట్టించుకోవలసిన విషయం కాదనిపించింది.

వారం తర్వాత జోగారావు గారిని అడిగాను. గాలి హెచ్చరిక కాదు. రోజూ ఒక కోటు వార్త, అది కూడా మొదటిది, నాకు ఇమ్మని అడిగాను. జనం ఫోన్లు చేస్తారని జోగారావు గారు హెచ్చరించారు. చేశారు. ‘ఆ పాప గొంతు పీలగుంది, మున్సిపాల్టీకి సరిపోదు’ అని ఒకాయన వరసగా మూడు రోజులు చేశాడు. “నీకేటి బావా, కాలవ తీసీది గొంతా?” అని రమణమూర్తి గారే ఆయనకు జవాబిచ్చారు. కాలువల పూడిక, వీధి దీపాలు, కుళాయి నీళ్ళు, ఆస్పత్రిలో డయాలసిస్ మంచాల కొరత చదువుతూ ఏడాది గడిపాను. ఎప్పుడో మధ్యలో ఫోన్లు ఆగిపోయాయి.

మరుసటి ఏడు మళ్ళీ వాయుగుండం వచ్చింది. హెచ్చరిక మొదటి వార్తగా నేనే చదివాను. ఆ సాయంత్రం అత్త ఫోన్ చేయలేదు. ఉండబట్టలేక నేనే చేసి, మావ ఏమంటున్నాడని అడిగాను. “ఏటంతాడు? ఎల్లొద్దన్నావు కదా, తొంగున్నాడు,” అంది.

ఆ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. వినేవాళ్ళ నమ్మకాన్ని ప్రమాదం వచ్చిన రోజున అడిగి తెచ్చుకోలేము. అది కాలువల దగ్గర, కుళాయిల దగ్గర, ఎవరికీ పెద్దగా పట్టని రోజుల్లో తయారవుతుంది. అందుకని ఆ వార్తలు ఎవరి చేత చదివిస్తున్నారన్నది చిన్న విషయం కాదు.